ఊపిరికీ లెక్క రాయండి

మీ ఇంటి నుంచి మసీదు ఎన్ని అడుగులు? ఎప్పుడైనా లెక్కపెట్టారా? మీరు పెట్టకపోయినా మీ ఇంట్లోని పెద్దాయన ఊపిరితిత్తులు ఆ లెక్క పెడుతూనే ఉంటాయి. నాలుగేళ్ల క్రితం అజాన్ వినపడగానే లేచి, దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్లేవారు. రెండేళ్ల క్రితం మలుపు దగ్గరి కిరాణా కొట్టు అరుగు మీద ఒక నిమిషం కూర్చోవడం మొదలుపెట్టారు. కొట్టతన్ని పలకరించడానికి కూర్చుంటున్నారని మీరనుకున్నారు. ఈ చలికాలం నుంచి ఫజ్ర్ నమాజు ఇంట్లోనే చదువుకుంటున్నారు. "ఏమైంది అబ్బాజాన్?" అని అడిగితే "వయసు మీద పడింది బేటా" అంటారు. మీరూ సరేనని ఊరుకుంటారు.

ఆ జవాబుతో సరిపెట్టుకోకండి. మెట్టు మెట్టుగా తగ్గుతూ వచ్చే ఊపిరికి చాలాసార్లు ఒక జబ్బు పేరు ఉంటుంది. ఆ పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కకుండానే మనిషి మంచాన పడుతున్నాడు. మన ఇళ్లలో జరుగుతున్న నష్టం ఇదే. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

జబ్బు సంగతి

ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలు ఏళ్ల తరబడి పొగ, దుమ్ము, ఘాటైన ఆవిర్లు తగిలి వాచి, ఇరుకైపోతాయి. వాటి చివర ఉండే గాలి తిత్తులు సాగి, పాడవుతాయి. గాలి లోపలికి పోతుంది గాని పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే నిలిచిపోతే కొత్త గాలికి చోటెక్కడ? డాక్టర్లు దీన్ని సీఓపీడీ అంటారు. మన యునానీ గ్రంథాల్లో శ్వాస ఇరుకు కావడాన్ని 'జీఖున్నఫస్' అని, దగ్గును 'సుఆల్' అని, కఫాన్ని 'బల్గమ్' అని చెప్పారు.

ఉబ్బసం (దమ్మా) వేరు, ఇది వేరు. ఉబ్బసం తరచుగా చిన్నతనంలోనే మొదలై, వచ్చి పోతూ ఉంటుంది. మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడు. సీఓపీడీ ఎక్కువగా 40 ఏళ్లు దాటాక బయటపడుతుంది, వచ్చింది పూర్తిగా పోదు. పాడైన తిత్తి తిరిగి మొలవదు. అందుకే దీన్ని ఎంత ముందు పట్టుకుంటే అంత ఊపిరి మిగులుతుంది.

ఇది అరుదైన జబ్బని అనుకోకండి. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 1990లో 2 కోట్ల 81 లక్షల మందికి సీఓపీడీ ఉంటే, 2016 నాటికి ఆ సంఖ్య 5 కోట్ల 53 లక్షలైంది. "మా ఇంట్లో బీడీ తాగేవారే లేరు" అని ధీమాగా ఉండేవారు ఇంకో మాట వినాలి. ఆ లెక్కలోనే, సీఓపీడీ వల్ల కలిగే నష్టంలో 53.7 శాతం గాలి కాలుష్యం కిందికి, 25.4 శాతం పొగాకు కిందికి, 16.5 శాతం పనిచేసే చోట తగిలే దుమ్ము, ఆవిర్ల కిందికి వచ్చాయి. ఇంట్లో పొయ్యి పొగ కూడా గాలి కాలుష్యంలో భాగమే. అంటే మన దేశంలో బీడీ ముట్టని అమ్మీకి, నానీకి కూడా ఈ జబ్బు రావచ్చు.

కొల్హార్ సంగతి ఎందుకు?

మన పాఠకుల్లో చాలామందికి బీదర్ కొత్త ఊరు కాదు. 1956 దాకా అది నిజాం నాటి హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. జహీరాబాద్ దాటితే బీదరే. అటు పిల్లనిచ్చినవారు, ఇటు పిల్లను తెచ్చుకున్నవారు ఎందరో. ఆ బీదర్ పట్టణం పక్కనే కొల్హార్ ఉంది. ఊరి పేరుతోనే పెద్ద పారిశ్రామికవాడ ఉంది, అందులో రసాయనాలు, మందులు తయారుచేసే యూనిట్లున్నాయి. కూలికీ, నెల జీతానికీ అక్కడికి వెళ్లే కుటుంబాలు బతుకుతున్నది ఆ పని మీదే. ఘాటైన వాసన వస్తోందని, నీళ్లు మారాయని చుట్టుపక్కల ఊళ్లవారు మొరపెట్టుకోవడమూ వార్తల్లో వచ్చిందే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు గాలి, నీరు, నేల చూసి మార్కులు వేసింది. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ కాలుష్యమని అర్థం. 70 దాటినవాటిని 'అతి ప్రమాదకరం' అన్నారు, ఆ జాబితాలో మన పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం ఉన్నాయి. 60కీ 70కీ మధ్య వచ్చినవాటిని 'తీవ్రం' అన్నారు. బీదర్ పేరు ఆ వరుసలో ఉంది.

ఇక్కడొక ప్రశ్న. కొల్హార్ చుట్టుపక్కల దగ్గుతున్న మనిషికి ఆ దగ్గు ఫ్యాక్టరీ ఆవిరి వల్ల వచ్చిందా, వంటింట్లో కందికట్టె పొగ వల్ల వచ్చిందా, బీడీ వల్ల వచ్చిందా, పాత టీబీ మిగిల్చిపోయిందా? వాసన చూసి ఎవరూ చెప్పలేరు. యాజమాన్యం "మాది కాదు" అంటుంది. ఊరు "మీదే" అంటుంది. ఊళ్లో ఎవరి ఊపిరి ఏ ఏడు ఎంత ఉందో రాసిన లెక్క ఉంటేనే ఈ వాదన తెగుతుంది. లెక్క లేనిచోట ఫ్యాక్టరీ మీద న్యాయమైన ఫిర్యాదూ నిలబడదు, తప్పు లేని ఫ్యాక్టరీ మీది నిందా తొలగిపోదు.

మీ చీటీకి ఉన్న విలువ

కాలుష్యానికి మార్కులు వేసే ఆ పద్ధతిని 2016లో సవరించారు. ఇప్పుడు 100 మార్కుల్లో 10 మార్కులు మనుషుల ఆరోగ్యానికి సంబంధించినవి. ఆ ప్రాంతంలోని 3 నుంచి 5 పెద్ద ఆసుపత్రుల రికార్డులు చూసి, ఉబ్బసం, బ్రాంకైటిస్ లాంటి శ్వాస జబ్బుల కేసులు ఎంత పెరిగాయో లెక్కగడతారు.

దీని అర్థం ఆలోచించండి. దగ్గు ముదిరినప్పుడు మీరు నేరుగా మందుల షాపుకు వెళ్లి, "మొన్నటి బిళ్లలే ఇవ్వు భాయ్" అని తెచ్చుకున్నారనుకోండి. ఆ రాత్రికి నిద్ర పడుతుంది. కానీ ఏ రికార్డులోనూ మీరు లేరు. మీలాంటివారు ఊరంతా అలాగే చేస్తే కాగితం మీద ఆ ఊళ్లో జబ్బే లేదు. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, చిరునామా, చేసే పని సరిగా చెప్పినవారు తమకు తెలియకుండానే ఊరి తరఫున సాక్ష్యం ఇచ్చినట్టు.

టీబీకి ఉన్న పుస్తకం

పోలిక కోసం టీబీని చూడండి. 2012 మే నెల నుంచి మన దేశంలో టీబీ కేసును ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాలి. ప్రైవేటు డాక్టరైనా చెప్పాల్సిందే. రోగి వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కుతాయి. మందు ఆపేస్తే వెతుక్కుంటూ వస్తారు. ఇంట్లోవారిని కూడా పరీక్షిస్తారు. 2018 నుంచి పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. జబ్బును లెక్కలో పెడితే ఇన్ని జరుగుతాయి.

సీఓపీడీకి అలాంటి నియమం లేదు. పనిచేసే చోట వచ్చే జబ్బుల్లో సిలికోసిస్, ఆస్బెస్టోసిస్, బైసినోసిస్ లాంటివాటిని డాక్టరు ప్రభుత్వానికి తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2020లో చేసిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. సీఓపీడీ పేరు అందులో లేదు.

ఇంకో విచిత్రం చూడండి. టీబీ నయమైనవారిలో కొందరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలి, ఆయాసం జీవితాంతం ఉండిపోతుంది. పుస్తకంలో "నయమైంది" అని రాసి గీత గీస్తారు. మనిషి మాత్రం మెట్లెక్కలేడు. మీ ఇంట్లో టీబీ మందులు పూర్తి చేసినవారుంటే, ఆ తర్వాత కూడా ఊపిరి పరీక్ష చేయించండి.

చావు తర్వాత కూడా ఇదే కథ. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే. పదేళ్లు ఆయాసపడి పోయిన మనిషిని "గుండె ఆగింది" అని చెప్పి ఖననం చేసేస్తాం. అసలు కారణం ఆయనతోపాటే మట్టిలోకి వెళ్లిపోతుంది.

భోపాల్ నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకయింది. బాధిత బస్తీల్లో మనవాళ్లూ చాలామంది ఉన్నారు. ఆ గ్యాస్ ముందుగా కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీసింది. భారత వైద్య పరిశోధన మండలి 1985 నుంచి బాధితులను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం చేపట్టి 1994లో ముగించింది. పర్యావరణ ఆరోగ్యం మీద జాతీయ పరిశోధన సంస్థను భోపాల్‌లో నెలకొల్పింది 2010లో. అప్పటికి ప్రమాదం జరిగి పాతికేళ్లు దాటింది. తనకు జబ్బు గ్యాస్ వల్లే వచ్చిందని నిరూపించమన్నప్పుడు, ప్రమాదానికి ముందు తన ఊపిరి ఎంత ఉండేదో చూపే కాగితం ఆ బస్తీల్లో ఎవరి దగ్గరుంటుంది?

2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు కూడా ఊరివారు ఇదే అడిగారు: "రేపు మాకేమైనా అయితే ఎవరు చూస్తారు?" అందుకే ప్రమాదం జరిగాక మొదలుపెట్టే లెక్కకన్నా, ఏమీ జరగని రోజున రాసిపెట్టుకున్న లెక్కకు బలం ఎక్కువ. కొల్హార్‌లో పనిచేసే అబ్బాయి ఉద్యోగంలో చేరిన నెలలోనే ఊపిరి పరీక్ష చేయించుకుని ఆ కాగితం దాచుకుంటే, పదేళ్ల తర్వాత అదే అతని సాక్షి.

మీ గుమ్మం దాకా వచ్చే కాగితం

లెక్క రాసే ఏర్పాటు అసలే లేదని కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి దగ్గరికి ఆశా కార్యకర్త వచ్చి ఒక ఫారం నింపాలి. దాన్ని సీబ్యాక్ అంటారు. వయసు, పొగాకు, నడుము కొలత అడుగుతుంది. ఊపిరి ఆడకపోవడం ఉందా, రెండు వారాలు మించి దగ్గు ఉందా అని అడుగుతుంది. ఇంకా ముఖ్యంగా, వంటకు ఏ చెరుకు వాడతారు, పొగ, గ్యాస్, దుమ్ము ఉండే పనిలో ఉన్నారా అనీ అడుగుతుంది. మార్కులు 4 దాటినవారిని పరీక్షలకు ముందుగా పిలవాలి.

మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ఆశా దీదీ వస్తే పనిలో ఉన్నామని గుమ్మంలోనే పంపేస్తాం. లేదా కోడలు అందరి తరఫునా "ఏమీ లేదు, ఏమీ లేదు" అని చెప్పేస్తుంది. గ్యాస్ సిలిండర్ ఉంది కాబట్టి "గ్యాసే" అంటుంది. నీళ్లు కాచడానికీ, రొట్టెలు చేయడానికీ వాడే కట్టెల పొయ్యి పేరు రాదు. బీడీ సంగతి పరువు కోసం దాస్తాం. ఆ ఫారంలో మనం చెప్పే ప్రతి అబద్ధం మన ఊపిరి మీదే పడుతుంది. ఈసారి దీదీ వస్తే కూర్చోబెట్టండి. మంచినీళ్లిచ్చి, ఇంట్లో ఒక్కొక్కరిని పిలిచి ఎవరి జవాబు వారితోనే చెప్పించండి. ఆమె రాకపోతే మీరే దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లి అడగండి.

ఊది చూసే పరీక్ష

సీఓపీడీని స్టెతస్కోపుతోనో, ఒక్క ఎక్స్‌రేతోనో తేల్చలేరు. స్పైరోమెట్రీ అనే పరీక్ష కావాలి. సూది లేదు, రక్తం తీయరు. గుండెనిండా గాలి పీల్చి, ఒక గొట్టంలోకి శక్తికొద్దీ, ఆఖరి దాకా ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులోనే ఎంత బయటికి వచ్చిందో యంత్రం చూపుతుంది. గొట్టాలు తెరిపించే మందు పీల్చాక కూడా ఆ భాగం 70 శాతం కన్నా తక్కువుంటే గాలి దారికి అడ్డు ఉన్నట్టు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల విభాగంలో ఈ పరీక్ష గురించి అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఈ జబ్బులకే పేరుపడింది. ఏటా మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఎంత మంది వరుస కట్టారో పేపర్లు రాస్తాయి. ఆ వరుసలో ఎందరు ఒక్కసారైనా ఈ గొట్టంలోకి ఊదారో ఎవరూ రాయరు.

ఇంట్లో కొలవడానికి డాక్టర్లు వాడే ఐదు మెట్ల కొలత ఒకటి ఉంది. దాన్ని మన మసీదు దారికి సర్దుకుందాం:

సున్నా – బరువు పనిచేస్తేనే ఆయాసం, దారిలో ఏమీ లేదు.
1 – ఇఖామత్ అందుకోవాలని వేగంగా నడిచినా, చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం.
2 – తోటి వయసువారి కన్నా నెమ్మదిగా నడవాల్సి వస్తోంది, లేదా తన నడకే నడిచినా మధ్యలో ఆగాల్సి వస్తోంది.
3 – వంద మీటర్లు నడిస్తే ఆగాలి.
4 – ఇల్లు దాటలేరు, బట్టలు మార్చుకున్నా ఆయాసమే.

మొదట్లో చెప్పిన పెద్దాయన అరుగు మీద కూర్చున్న రోజునే రెండో మెట్టు మీద ఉన్నారు. ఆ రోజే ఎవరైనా గమనించి ఉంటే!

యునానీ మాట

యునానీలో ఆరోగ్యం నిలబడటానికి తప్పనివి ఆరు అని చెప్పారు, వాటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, తిండీ నీరూ, శరీర శ్రమా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, శరీరంలో నిలవాల్సినవీ పోవాల్సినవీ. ఈ ఆరింటిలో మొదటి స్థానం గాలిదే. హకీం జకరియ్యా రాజీ బాగ్దాదులో ఆసుపత్రికి చోటు వెతికేటప్పుడు ఊరిలో అక్కడక్కడ మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్లిందో ఆ చోటు ఎంచుకున్నారని చెబుతారు. వెయ్యేళ్లకు పైబడిన ముచ్చట అది. మందు ఇవ్వడానికి ముందు గాలిని కొలవాలన్న తెలివి మన వైద్యంలో అప్పటినుంచీ ఉంది.

మందుల సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. షర్బతె జూఫా, లఊఖె సపిస్తాన్, అవిసె గింజలతో చేసే లఊఖె కతాన్ కఫం పల్చబడటానికి, గొంతు తడి ఆరకుండా ఉండటానికి హకీములు ఎప్పటినుంచో ఇస్తున్నవే. పాడైన గాలి తిత్తులను ఇవి బాగుచేయవు. ఇన్హేలర్ మానేసి వీటి మీద ఆధారపడకండి. వీటిలో చక్కెర పాకం ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవారు హకీంకు ముందే చెప్పాలి. అతిమధురం ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది. పేరు, తయారీదారు వివరం లేని 'దమ్మా పొడి' ఒక్క రోజులో ఆయాసం మాయం చేస్తే సంతోషించకండి, అనుమానించండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది. అవి ఎముకల్నీ, షుగర్‌నూ దెబ్బతీస్తాయి.

రమజాన్ రాగానే ఇన్హేలర్ పక్కన పెట్టేవారు చాలామంది. రోజుకు రెండుసార్లు తీసుకునేదాన్ని సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దుకోవచ్చేమో నెల ముందే డాక్టరును అడగండి.

ఇంట్లో పొగ తగ్గించడం మీ చేతిలో ఉంది. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక దోమల చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానం. దోమతెర వాడండి. లోబాన్ ధూపం వేస్తే తలుపులు, కిటికీలు తెరిచి వేయండి, ఆయాసం ఉన్నవారిని ఆ గదిలో ఉంచకండి. కట్టెల పొయ్యి తప్పకపోతే ఆరుబయటికి మార్చండి. ఫ్యాక్టరీ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి, ముందు విప్పి వేరుగా ఉతికించండి.

ఈ వారమే మొదలుపెట్టండి

ఒక మామూలు నోటు పుస్తకం తీసుకోండి. ఇంట్లో 30 దాటిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ. పేరు, వయసు, చేసిన పనులు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, వంట చెరుకు, పొగాకు, పాత టీబీ – ఇవి మొదట రాయండి. తర్వాత నెలకోసారి మసీదు దారి మెట్టు, దగ్గు ఎన్ని రోజులు, కఫం రంగు, ఆసుపత్రికి వెళ్లిన తేదీ రాయండి. ఆడవారికి మసీదు దారి బదులు బజారు దారో, మిద్దె మెట్లో కొలతగా పెట్టుకోండి. స్పైరోమెట్రీ కాగితం, ఓపీ చీటీలు ఆ పేజీకే పిన్ను చేయండి. బీదర్‌లో ఉండేవారైతే చీటీ కన్నడలో ఉన్నా పారేయకండి, హైదరాబాద్ డాక్టరుకూ అది పనికొస్తుంది.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మనిషి తికమకగా మాట్లాడినా పుస్తకం, కషాయం అన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

మీ ఇంటి పుస్తకం ఒక ఇంటిదే. మొహల్లాలో యాభై ఇళ్లు ఇలా రాస్తే, అది ఏ అధికారి ముందు పెట్టినా పక్కకు నెట్టలేని కాగితం అవుతుంది. కొల్హార్‌కైనా, పటాన్‌చెరుకైనా కావాల్సింది ఇదే. ముందు ఈ సాయంత్రం అబ్బాజాన్‌తో కలిసి మసీదు దాకా నడవండి. ఆయన ఎక్కడ ఆగారో చూడండి. తిరిగి వచ్చాక మొదటి పేజీలో మొదటి వాక్యంగా అదే రాయండి.